చెల్లికి నర్సింగ్: జీఎన్‌ఎం, బీఎస్సీ, బెంగళూరు సీటు... తక్కువ ఖర్చులో ఏది?

పాలమూరు_తమ్ముడు
చెల్లి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసయింది, 74 శాతం. ఎప్‌సెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ఎంట్రన్స్) రాసింది కానీ ర్యాంకు బాగా వెనక వచ్చింది. నీట్ రాయలేదు. చేస్తే నర్సింగే చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. నాన్న ఆటో నడుపుతాడు, నేను డెలివరీ పని చేస్తున్నా. కోర్సు మొత్తానికి హాస్టల్‌తో సహా రెండు లక్షలు దాటితే అప్పు చేయాల్సిందే.
ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) ఉంది. హైదరాబాద్‌లో బీఎస్సీ మేనేజ్‌మెంట్ సీటు ఉందంటున్నారు, అది మా వల్ల కాదు. ఇంకో కన్సల్టెన్సీ ఆయన రోజూ ఫోన్ చేసి బెంగళూరులో బీఎస్సీ ఇప్పిస్తా, ఏడాదికి నలభై వేలే, క్లాసులకి రోజూ రానక్కర్లేదు అంటున్నాడు. అమ్మేమో ఏఎన్‌ఎం (ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త కోర్సు) చాలు, రెండేళ్లలో అయిపోతుంది అంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నైట్‌డ్యూటీ
"క్లాసులకి రానక్కర్లేదు" అన్నాడు చూడు, అక్కడే ఆ నంబర్ బ్లాక్ చెయ్.

బైపీసీ_బ్యాచ్
క్లాసుకి వెళ్లకుండా నర్సయితే రేపు ఇంజెక్షన్ కూడా వాట్సాప్‌లోనే వేస్తుందేమో.

కాగితం_పులి
నైట్‌డ్యూటీ చెప్పింది నిజం, కారణం నేను చెప్తా. నర్సింగ్‌లో సర్టిఫికెట్ ఒక్కటే చేతికొస్తే ఉపయోగం లేదు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సుగా పనిచేసే హక్కే ఉండదు. బెంగళూరులో చదివితే ముందు కర్ణాటక కౌన్సిల్‌లో నమోదు, తర్వాత ఇక్కడికి మార్చుకోవాలి. ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లేకపోతే ఆ మార్పిడి దగ్గరే బండి ఆగుతుంది.
ఇండియన్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా, కోర్సుల వారీగా కాలేజీల జాబితా ఉంటుంది. చెల్లి చేరే సంవత్సరం జాబితాలో పేరుందో లేదో చూడు. ఐదేళ్ల కిందటి లెటర్ ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించినంత మాత్రాన లెక్కలోకి రాదు. సొంత హాస్పిటల్ ఉందా, ఎన్ని పడకలు అనేది కూడా అడుగు. బీఎస్సీ, జీఎన్‌ఎం నడపాలంటే వంద పడకల పేరెంట్ హాస్పిటల్ ఉండాలని నిబంధన. కొన్నిచోట్ల ఆ హాస్పిటల్ బోర్డు మీదే ఉంటుంది, లోపల పేషెంట్లు కనిపించరు.

కోదాడ_లత
మా పెద్దమ్మ కూతురిది అచ్చం ఇదే కథ. ఏజెంటు ద్వారా వెళ్లింది, పరీక్షలకి మాత్రమే పోయొచ్చేది. నాలుగేళ్ల తర్వాత డిగ్రీ వచ్చింది, మార్కులు కూడా బ్రహ్మాండం. కార్పొరేట్ హాస్పిటల్ ఇంటర్వ్యూలో కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) పెట్టి చూపించమన్నారు, చేయి వణికింది. మూడుచోట్ల అదే జరిగింది. ఇప్పుడు ఒక క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకుంటోంది. ఏజెంటు కమిషన్ కూడా ఫీజులోనే కలిసి ఉంటుందని ఆఖర్లో తెలిసింది.

బెజవాడ_బ్రదర్
అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను బెంగళూరులోనే చదివా, రోజూ వార్డుకి వెళ్లి, ఆరింటికి లేచి. మా కాలేజీలో హాజరు తగ్గితే పరీక్ష ఫీజే కట్టించుకునేవాళ్లు కాదు. కర్ణాటకలో మంచి కాలేజీలు చాలా ఉన్నాయి. అసలు తిరకాసు ఏజెంటుతోనే. నేరుగా కాలేజీకి వెళ్లి, రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందో లేదో చూసుకుని చేరితే ఏ ఇబ్బందీ లేదు.

కాగితం_పులి
@బెజవాడ_బ్రదర్ కాదనలేదు అన్నా. కానీ వీళ్ల బడ్జెట్ రెండు లక్షలు. పక్క రాష్ట్రంలో హాస్టల్, మెస్, రాకపోకలు కలిపితే నలభై వేల ఫీజు మాట గాల్లో కలిసిపోతుంది. పైగా ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ ఏజెంటు సీటుకి రాదు.

సీనియర్_సిస్టర్
జిల్లా ఆస్పత్రిలో చేసి రిటైరయ్యాను. బాబూ, ముందు మీ అమ్మగారి మాట సంగతి తేలుద్దాం. ఏఎన్‌ఎం చిన్న కోర్సు అని తీసిపారేయను. సబ్‌సెంటర్లో వ్యాక్సిన్లు, గర్భిణుల పరీక్షలు, ఇంటింటి సర్వే, ఇదంతా వాళ్ల మీదే నడుస్తుంది. కానీ ఏఎన్‌ఎం చేసినవాళ్లు స్టాఫ్ నర్సు పోస్టుకి అర్హులు కారు. వాళ్ల ఉద్యోగం ఎంపీహెచ్‌ఏ ఫిమేల్ (మహిళా ఆరోగ్య సహాయకురాలు), ఆ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. పెద్ద ఆస్పత్రుల్లో ఐసీయూకి తీసుకోరు. పదో తరగతి అయిన పిల్లయితే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఏఎన్‌ఎం లాంటి కోర్సే) చేయొచ్చు అనేదాన్ని. బైపీసీ 74 శాతంతో పాసైన పిల్ల మళ్లీ రెండేళ్లు దానికే పెట్టడం దండగ.
ఇక జీఎన్‌ఎం. ఇప్పుడది మూడేళ్లు, అందులోనే ఇంటర్న్‌షిప్. ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు, నలభై శాతం ఉంటే చాలు. మూడేళ్లకి రిజిస్టర్డ్ నర్సు అవుతుంది. జీతం తీసుకుంటూ తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేసుకుంటే బీఎస్సీతో సమానమే. నా బ్యాచ్‌లో సగం మంది ఆ దారిలోనే సూపరింటెండెంట్ల దాకా వెళ్లారు. డబ్బు లేని ఇంట్లో ముందు సంపాదన మొదలవడం ముఖ్యం.

ఐసీయూ_అక్క
మేడం, మీ కాలం వేరు. ఇప్పుడు పోస్ట్ బేసిక్ సీట్లు తక్కువ, చాలావరకు ప్రైవేటు. రెండేళ్లు ఉద్యోగం మానేయాలి, జీతం పోతుంది, ఫీజు కట్టాలి. మూడు, రెండు కలిపితే ఐదేళ్లు, రెండుసార్లు అడ్మిషన్, రెండుసార్లు రిజిస్ట్రేషన్. నేరుగా బీఎస్సీ అయితే నాలుగేళ్లే.
ఎయిమ్స్ వాళ్ల నర్సు ఉద్యోగ పరీక్ష నార్సెట్ సంగతి చూడండి. బీఎస్సీ చేసినవాళ్లు రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకి కనీసం యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. అక్కడ మొదటి నెల బేసిక్కే 44,900. నా ఫ్రెండ్ బీఎస్సీ అయిన ఏడాదికే కొట్టింది. అదే జీఎన్‌ఎం అయితే అప్పటికి అనుభవం సర్టిఫికెట్ కోసం హెచ్‌ఆర్ చుట్టూ తిరుగుతుండేది.

సీనియర్_సిస్టర్
అమ్మా, నార్సెట్ అందరికీ వస్తుందా? ఆ రెండేళ్ల అనుభవం జీతంతోనే కదా వచ్చేది. మన తెలంగాణలో స్టాఫ్ నర్స్ పోస్టుకి జీఎన్‌ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. 2022 డిసెంబరులో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 పోస్టుల నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాతపరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి 20. మూడేళ్లకి బయటికొచ్చి కాంట్రాక్టులో చేరిన పిల్లకి ఆ 20లో ఎంతో కొంత వచ్చింది.

ఐసీయూ_అక్క
ఆ పాయింటు ఒప్పుకుంటా. కానీ కన్వీనర్ కోటాలో (ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో) బీఎస్సీ సీటు దొరికితే మాత్రం జీఎన్‌ఎం వైపు చూడొద్దు. దొరక్కపోతే అప్పుడు ఆలోచిద్దాం.

నైట్‌డ్యూటీ
మీ ఇద్దరి డిబేట్‌కి నా ఓటు: ఏది గవర్నమెంటులో వస్తే అది.

పాలమూరు_తమ్ముడు
కన్వీనర్ అంటే ర్యాంకు ఉండాలిగా? మాది చాలా వెనక. బీసీ-బీ. ఆదాయ ధ్రువపత్రం తీసుకోలేదు ఇంకా. జీఎన్‌ఎం ఎత్తేస్తున్నారని కూడా ఎవరో అన్నారు, నిజమేనా?

కాగితం_పులి
జీఎన్‌ఎం ఎత్తేయాలని కౌన్సిల్ ఒకప్పుడు నిర్ణయం తీసుకున్న మాట నిజమే, తర్వాత వెనక్కి తగ్గింది. ఆ పాత వార్తే వాట్సాప్‌లో తిరుగుతోంది. చేసినవాళ్ల రిజిస్ట్రేషన్‌కి ఏమీ కాదు.
ర్యాంకు గురించి: ఎంబీబీఎస్‌కి వెనక ర్యాంకు వేరు, నర్సింగ్‌కి వెనక ర్యాంకు వేరు. కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్ పడ్డాక అప్లై చేసి, వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టగలిగితే అన్ని పెట్టండి. హైదరాబాద్ పేరున్న కాలేజీలు నాలుగు పెట్టి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. కొత్త మెడికల్ కాలేజీలతో పాటు జిల్లాల్లో గవర్నమెంట్ నర్సింగ్ కాలేజీలు కూడా వచ్చాయి, అవి ముందు పెట్టు. మొదటి రౌండులో రాకపోతే రెండోది, ఆఖరికి మాపప్ (మిగిలిన సీట్లు నింపే రౌండు). మాపప్ అయ్యేదాకా ప్రైవేటు వాళ్లకి అడ్వాన్సు కట్టొద్దు.
ఆదాయం, కులం రెండూ ఈ వారంలోనే మీసేవలో పెట్టు, బోనఫైడ్ (అక్కడ చదివినట్టు ఇచ్చే కాగితం) కాలేజీ నుంచి తెచ్చుకో. కౌన్సెలింగ్ మొదలయ్యాక తహసీల్దార్ ఆఫీసు ముందు లైను చూస్తే కళ్లు తిరుగుతాయి.

వనపర్తి_వీణ
కన్వీనర్ సీటే నాది. ఈపాస్‌లో (స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ పోర్టల్) రీయింబర్స్‌మెంట్ మంజూరైంది, కానీ డబ్బు కాలేజీకి రాలేదు. ఫైనలియర్ అయ్యాక ఒరిజినల్స్ ఇవ్వమంటే "ప్రభుత్వం ఇవ్వలేదు, మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం" అన్నారు. ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టి కట్టి తెచ్చుకున్నాం. ఒరిజినల్స్ లేకపోతే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఉద్యోగం లేదు. కాబట్టి "ఫ్రీ సీటు" అని పూర్తిగా నమ్ముకుని కూర్చోవద్దు తమ్ముడూ, కొంత పక్కన పెట్టుకో.

బైపీసీ_బ్యాచ్
వీణక్క చెప్పింది మా ఇంట్లోనూ జరిగింది. కాలేజీ వాళ్లని తిట్టుకోవాలో గవర్నమెంటుని తిట్టుకోవాలో తెలియక మా నాన్న నన్ను తిట్టాడు.

లెక్కల_మాష్టారు
ఫీజు ఒక్కటే అడిగి రావొద్దు. యూనిఫాం, బూట్లు, రికార్డులు, కేస్‌బుక్స్, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, క్లినికల్ పోస్టింగ్‌కి బస్సు చార్జీ, హాస్టల్, మెస్, ల్యాబ్ డిపాజిట్ అని విడివిడిగా పిండుతారు. "నాలుగేళ్లకి నా జేబులోంచి మొత్తం ఎంత?" అని కాగితం మీద రాయించుకో. రాసివ్వనంటే అదే నీకు జవాబు.
బీఎస్సీకి అప్పు చేయాల్సి వస్తే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా విద్యా రుణం చూడండి. గుర్తింపు ఉన్న నర్సింగ్ కోర్సులకి బ్యాంకులు ఇస్తాయి, ఏడున్నర లక్షల వరకు క్రెడిట్ గ్యారంటీ పథకం కింద తాకట్టు అక్కర్లేదు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. బ్రాంచి మేనేజరు "మా దగ్గర టార్గెట్ అయిపోయింది" అంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసి ఆ నంబరు తీసుకుని మళ్లీ వెళ్లండి. మాట తీరు మారుతుంది.

నైట్‌డ్యూటీ
రుణం సరే మాష్టారూ, తీర్చేదెలా? ప్రైవేటులో ఫ్రెషర్‌కి నాకిచ్చింది పన్నెండు వేలు. నెలకి సగం నైట్లు. హాస్టల్, బస్సు పోను ఇంటికి పంపింది గుండుసున్నా. 2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ యాభై పడకల లోపు ఆస్పత్రిలో కూడా ఇరవై వేలకి తగ్గకూడదంది. రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానం ఇవ్వాలంది. ఏ హెచ్‌ఆర్‌కైనా ఆ కాగితం చూపించి చూడండి, నవ్వుతారు.

ఐసీయూ_అక్క
మొదటి ఏడాది అంతే, కాదనను. కానీ ఐసీయూ, డయాలసిస్, ఓటీలో (ఆపరేషన్ థియేటర్) చెయ్యి తిరిగాక జీతం కదులుతుంది. వార్డులో ఉండిపోతే కదలదు. అందుకే చదివేటప్పుడే పెద్ద ఆస్పత్రి క్లినికల్స్ ఉన్న చోటు చూసుకోవాలి. మా కాలేజీ పోస్టింగులు గాంధీలో పడేవి. అక్కడ ఒక్క నెలలో చూసిన కేసులు మరోచోట ఏడాదిలో చూడం.

మెస్_కార్డు
బాండు సంగతి ఎవరూ ఎత్తలేదే. మా జీఎన్‌ఎం స్కూల్లో ఫీజు తక్కువ తీసుకుని, అయ్యాక రెండేళ్లు వాళ్ల ఆస్పత్రిలోనే చేయాలని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. జీతం వాళ్లిష్టం. మధ్యలో మానేస్తే లక్ష కట్టాలట. తక్కువ ఫీజు అంటే ఈ మెలిక ఉందేమో ముందే అడుగు. బాండు పద్ధతి తప్పని నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది, అయినా కాగితం కాగితమే కదా అని పిల్లలు భయపడతారు.

పాలమూరు_తమ్ముడు
ఇక్కడి జీఎన్‌ఎం స్కూల్లో "ఉద్యోగం గ్యారంటీ" అన్నారు. అది బాండేనేమో అని ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

మెస్_కార్డు
రేపు వెళ్లి "గ్యారంటీ ఉద్యోగంలో జీతం ఎంత, మానేస్తే ఏమవుతుంది" అని రెండే ప్రశ్నలు అడుగు.

లాన్స్‌నాయక్_నాన్న
మిలిటరీ నర్సింగ్ ఎవరూ చెప్పలేదు. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ, ఇంకా సైనిక ఆస్పత్రుల కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ, చదువు, వసతి సర్కారువే. అయ్యాక లెఫ్టినెంట్‌గా కమిషన్. పెళ్లికాని, విడాకులైన, లేదా బాధ్యతలు లేని వితంతు అమ్మాయిలకే, సర్వీసు చేస్తామని బాండు రాయాలి. ఈ బాండు మాత్రం మంచిది, మెస్_కార్డు గారూ. నీట్ స్కోరు కావాలి. మొత్తం సీట్లు రెండు వందల చిల్లర, పోటీ గట్టిగా ఉంటుంది. మా అమ్మాయికి రెండోసారి రాస్తే వచ్చింది.

కోదాడ_లత
నీట్ కోసం ఏడాది ఖాళీగా ఉంచితే కోచింగ్ ఖర్చు, ఊళ్లో వాళ్ల ప్రశ్నలు. రాకపోతే మళ్లీ మొదటికి. అందరి ఇళ్లలో కుదరదండి.

లాన్స్‌నాయక్_నాన్న
నిజమే. మాకు క్యాంటీన్ కార్డు, పెన్షన్ ఉన్నాయి కాబట్టి ఆగగలిగాం.

హాంబర్గ్_చలి
జర్మనీ గురించి కూడా ఒక మాట. ఇక్కడ అవుస్‌బిల్డుంగ్ అని మూడేళ్ల నర్సింగ్ శిక్షణ ఉంది. ఫీజు లేదు, పైగా నెలకి వెయ్యి యూరోలకు పైనే ఇస్తారు. ఇంటర్ అయినవాళ్లు రావొచ్చు, కానీ భాష బీ1, చాలాచోట్ల బీ2 ఉండాలి. దానికే ఏడాది దాకా పడుతుంది, ఆ కోచింగ్ ఖర్చు ముందే పెట్టుకోవాలి. ఇప్పుడు మన దగ్గర ఏజెంట్లు దీనికీ ఐదారు లక్షలు గుంజుతున్నారు. నా సలహా, ఇండియాలోనే చదివి, రిజిస్టర్ అయి, రెండేళ్లు చేసి, తెలంగాణ ప్రభుత్వ టామ్‌కామ్ ద్వారా చూడండి. అది ప్రభుత్వ సంస్థ, నర్సులకి జర్మన్ నేర్పించి పంపుతోంది. గల్ఫ్‌కి కూడా నర్సులని ఇలాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో కేంద్రం నిబంధన పెట్టింది.

బైపీసీ_బ్యాచ్
చలి ఎలా ఉందన్నా?

హాంబర్గ్_చలి
పేరు చూసి అడుగుతున్నావా. జనవరిలో నైట్ డ్యూటీ దిగి బస్‌స్టాప్‌లో నిలబడితే మాట రాదు, వచ్చినా జర్మన్‌లో రాదు.

సీనియర్_సిస్టర్
విదేశాలు తర్వాత. బాబూ, ఒక్క విషయం ఎవరూ అడగలేదు. పాప ఎప్పుడైనా వార్డులో ఒక పూట గడిపిందా? రక్తం, వాంతులు, బెడ్‌ప్యాన్, చావు, అన్నీ చూడాలి. మా దగ్గర మొదటి పోస్టింగ్‌లోనే సూట్‌కేసు సర్దుకున్నవాళ్లు ఉన్నారు. అప్పటికి ఫస్టియర్ ఫీజు కట్టేసి ఉంటారు, కాలేజీ తిరిగివ్వదు. బంధువులెవరైనా ఆస్పత్రిలో ఉంటే అటెండెంటుగా రెండు రోజులు ఉండమను.

పాలమూరు_తమ్ముడు
నాయనమ్మ పక్షవాతంతో మంచం పట్టినప్పుడు ఏడాదిన్నర చూసింది అదే మేడం. డైపర్, ట్యూబ్ ఫీడింగ్ అన్నీ. నర్సింగ్ పిచ్చి అక్కడే పట్టింది.

సీనియర్_సిస్టర్
అయితే ఇంకేం. చదివించు.

పాలమూరు_తమ్ముడు
ఈ రోజు మీసేవలో ఆదాయం, కులం రెండూ పెట్టేశా. కన్సల్టెన్సీ ఆయన్ని కాలేజీ పేరు అడిగి జాబితాలో వెతికా, లేదు. అడిగితే "అది వేరే ట్రస్టు పేరు మీద ఉంటుంది" అన్నాడు. అమ్మ ముందే స్పీకర్‌లో పెట్టా. కౌన్సెలింగ్‌లో గవర్నమెంట్ బీఎస్సీ ముందు, తర్వాత మా చుట్టుపక్కల జిల్లాల ప్రైవేటు కన్వీనర్. మాపప్‌లో కూడా రాకపోతే జీఎన్‌ఎం. డౌటు: రెండింటికీ ఒకేసారి అప్లై చేయొచ్చా?

కాగితం_పులి
చేయొచ్చు, నోటిఫికేషన్లు వేరువేరు. జీఎన్‌ఎం గవర్నమెంటు స్కూళ్లకి కూడా పెట్టు, ప్రైవేటు ఒక్కటే అనుకోకు. ఎక్కడ చేరినా టీసీ, మెమో ఇచ్చేముందు నాలుగేసి కలర్ జెరాక్సులు, ఫోన్లో స్కాన్లు పెట్టుకో. ఇచ్చినట్టు రసీదు తీసుకో.

వనపర్తి_వీణ
రసీదు మాట అండర్‌లైన్ చేసుకో తమ్ముడూ.

గద్వాల_గణేశ్
మధ్యలో దూరుతున్నా. నాది ఇంటర్ ఎంపీసీ, నాకూ నర్సింగ్ చేయాలనుంది. మగవాళ్లకి ఇందులో ఏమైనా ఉందా లేక కొత్త టాపిక్ పెట్టాలా?

బెజవాడ_బ్రదర్
ఎంపీసీకి బీఎస్సీ నర్సింగ్ రాదు, బయాలజీ ఉండాలి. జీఎన్‌ఎం చేయొచ్చు. ఏఎన్‌ఎం, మిలిటరీ నర్సింగ్ మనకి లేవు. గవర్నమెంటు కాలేజీలు చాలావరకు అమ్మాయిలకే, కాబట్టి ప్రైవేటు ఖర్చు తప్పదు. నార్సెట్‌లో పోస్టులు ఎనభై శాతం ఆడవాళ్లకి, ఇరవై మనకి. అది చూసి బెదరకు. ప్రైవేటులో ఓటీ, క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే గది), ఎమర్జెన్సీ, అంబులెన్స్ వైపు అబ్బాయిలని అడిగి మరీ తీసుకుంటారు.

గద్వాల_గణేశ్
ఇంట్లో "నర్సు" అనగానే నవ్వుతున్నారు.

బెజవాడ_బ్రదర్
మా ఇంట్లో కూడా నవ్వారు. ఇప్పుడు బీపీ చూడమని వీధి వీధంతా మా గుమ్మంలోనే. ఎంపీసీ అయినా జీఎన్‌ఎంకి ఇంగ్లిష్ పాసై ఉండాలి, నీ మెమో చూసుకుని చెప్పు.